మట్టత్త చెప్పిన నూట పది రోజులు

మా బడి గేటు పక్క గోడకి ఇప్పుడొక ఇత్తడి పలక ఉంది. 'పిల్లలు స్వయంగా పెంచిన ఉత్తమ తోట' అని చెక్కి ఉంటుంది. రోజూ పొద్దున్నే దాని ముందునుంచే నేను లోపలికి వెళ్ళాలి. వెళ్ళిన ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. ఆ తోట వేసినామె ఊసు పలక మీద లేదు సరే, అసలు ఆమెను ఆ గేటు దాటి లోపలికి రానివ్వరు. ఎందుకు రానివ్వరో చెప్తాను. చెప్పేటప్పుడు మాట కాస్త తూలితే సర్దుకోండి.

పిల్లలు ఆమెను మట్టత్త అనేవాళ్ళు. రిజిస్టరులో మాత్రం ఆయా. మూడంతస్తుల మెట్లు, పద్నాలుగు గదులు, రెండు వరుసల మరుగుదొడ్లు ఆమె వంతు. యాభై దాటిన మనిషి. పొట్టిగా ఉంటుంది, గొంతు మాత్రం మూడో అంతస్తు దాకా వినపడుతుంది. నేను అదే బడిలో సైన్సు టీచర్ని. పంతొమ్మిదేళ్ళుగా మొక్కల పాఠం చెప్తున్నాను. వేరు, కాండం, ఆకు, పువ్వు, కాయ. కళ్ళు మూసుకుని బోర్డు మీద బొమ్మ గీసేయగలను.

కథ ఒక పరీక్ష పేపరుతో మొదలైంది. ఆరో తరగతికి 'పల్లీలు మొక్కలో ఎక్కడ కాస్తాయి?' అని ఒక ప్రశ్న ఇచ్చాను. నలభై రెండు మందిలో ముప్ఫై ఎనిమిది మంది కొమ్మల మీద అన్నారు. ముగ్గురు గుత్తులు గుత్తులుగా వేలాడతాయన్నారు. ఒకడు ఫ్యాక్టరీలో అని రాశాడు, పక్కన ప్యాకెట్ బొమ్మ కూడా వేశాడు. ఆ కాగితాలు తెచ్చి స్టాఫ్ రూము బల్ల మీద విసిరికొట్టాను.

"పల్లీ చెట్టట! నిచ్చెనేసి కోస్తారట! వేరుశనగ అని పేరులోనే వేరు పెట్టి ఏడుస్తుంటే కూడా తెలీదు వీళ్ళకి."

మూలన నేల తుడుస్తున్న మట్టత్త కర్ర మీద ఆనుకుని పకపకా నవ్వింది.

"నవ్వుతావేంటమ్మా? ఏడవాల్సిన సంగతిది" అన్నాను.

"పిల్లల్ని చూసి కాదు మేడమ్ నవ్వింది. మీరెప్పుడన్నా పల్లీ మొక్క చూశారా?"

"పుస్తకంలో చూశాను. అరవై ఒకటో పేజీ."

"పేజీకి ఎన్ని కాయలు కాశాయి?" అంటూ బకెట్ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె అన్నది అబద్ధమైతే ఒక్కరోజులో మర్చిపోయేదాన్ని. నిజం కాబట్టి అరిగి చావలేదు. నాలుగోరోజు మెట్ల కింద కుళాయి దగ్గర ఆమె గుడ్డ పిండుకుంటుంటే వెళ్ళి నిలబడ్డాను.

"నేర్పుతావా?"

"ఎవరికి, మీకా పిల్లలకా?"

"ఇద్దరికీ."

పన్నెండేళ్ళుగా ఒకే కప్పు కింద పనిచేస్తున్నాం, ఆమె గురించి నాకు తెలిసింది గుండుసున్నా. ఆ వారమే మొదటిసారి ఆమె ఇంటికి వెళ్ళాను. బడికి రెండు సందుల అవతల, ఇస్త్రీ దుకాణం మీద ఒకే గది. పైకి పదహారు మెట్లు. ప్రతి మెట్టు మీదా ఒక పాత రంగు డబ్బా, డబ్బాలో ఆకుకూరో మిరప మొక్కో. కాలు పెట్టడానికి చోటు వెతుక్కోవాలి. ఆమె, భర్త ఒకప్పుడు కౌలుకి వేరుశనగ వేసేవాళ్ళట. పొలం సొంతదారు దాన్ని ఇళ్ళ స్థలాలుగా ముక్కలు చేసి అమ్ముకున్నాక నగరానికి వచ్చారు. అతను కూరగాయల మార్కెట్లో బస్తాలు మోసీ మోసీ నడుము విరగ్గొట్టుకున్నాడు, తర్వాత ఎక్కువకాలం లేడు. ఈమె అదే మార్కెట్లో ఉల్లిపాయలు ఏరుతూ కూతుర్ని పెంచింది. ఆ పిల్ల ఇప్పుడు ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేస్తోంది. నోరు తల్లి నోరే.

"అమ్మా, వాళ్ళు నీకు జీతమిచ్చేది ఊడ్చడానికి, తవ్వడానికి కాదు" అంది నా ముందే. "రేపు ఏదన్నా తేడా వస్తే మేడమ్ గారికేం కాదు. నిన్నే బయటికి గెంటుతారు."

నాకు చురుక్కుమంది. "నేనున్నాను కదమ్మా" అన్నాను.

ఆ పిల్ల నా మొహంలోకి చూసి, చేతిలో ఉన్న ఫోను వెనక మూత బిగించుకుంది, అంతే.

బస్సుల షెడ్డు వెనక మా బడికి కొంచెం నేల ఉంది. విరిగిన బెంచీలు, ఇటుక ముక్కలు, పగిలిన సింకులు పడేసే చోటు. ఫోటోలకి బాగుంటుందని ప్రిన్సిపాల్ ఒప్పుకున్నాడు. పిల్లలు రెండు వారాలు ఇటుకలు ఏరారు. మొదటిరోజు వానపాముని చూసి సగం మంది బెంచీలెక్కారు. ఒక తల్లి తన కూతురికి రబ్బరు తొడుగులు వేసి పంపింది. మట్టత్త వాటిని తీయించింది.

"వేలు మట్టిలో రెండు కణుపులు దిగాలి, అక్కడ గింజ పడాలి. తొడుగుంటే ఎంత దిగిందో నీకేం తెలుస్తుంది తల్లీ?"

చొక్కాలకి మరకలవుతున్నాయని తల్లిదండ్రుల నుంచి పదకొండు ఫిర్యాదులొచ్చాయి. మట్టత్తతో చెప్తే, "ఉతికితే పోతాయని చెప్పండి" అంది.

పిల్లకో గింజ, గింజకో ఐస్‌క్రీం పుల్ల, పుల్ల మీద హాజరు నంబరు. విత్తిన తారీకు షెడ్డు గోడ మీద బొగ్గుతో రాసింది. దాని కింద ఇంకో తారీకు రాసింది. "నూట పదో రోజు. అప్పుడు మొక్కకి మొక్క మొత్తం పీకాలి. అదే కోత. అంతకుముందు పీకి చూసినవాళ్ళకి ఏమీ ఉండదు" అని చెప్పింది.

ఒక పిల్ల ఉంది మా క్లాసులో. దేనికైనా ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీస్తుంది కాబట్టి అందరూ ఎందుకమ్మ అంటారు. ఇరవై రోజులకే తన మొక్కను పీకి చూసింది. వేళ్ళు తప్ప ఏమీ లేవు. మట్టత్త తిట్టలేదు. మళ్ళీ అక్కడే పాతించి రోజూ నీళ్ళు పోయించింది. రెండు రోజుల్లో మొక్క వాడి వేలాడింది, నలభై రెండు మందీ చూశారు. ఎందుకమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పుడు మట్టత్త ఆ పిల్లను నీళ్ళ ట్యాంకు వెనక ఇరుకు మూలకి తీసుకెళ్ళింది. అక్కడ అదే రోజు విత్తిన మొక్కలు ఐదు విడిగా ఉన్నాయి.

"పీకేవాళ్ళు ఒకరన్నా ఉంటారని నాకు తెలుసు. ఇది నీది. ఇంక పీకవుగా?"

ఆ తర్వాత ఎవరూ పీకలేదు. పసుపు పువ్వులొచ్చాయి. పువ్వు రాలాక దాని అడుగునుంచి సన్నటి ఊడ ఒకటి బయల్దేరి, కిందికి వంగి మట్టిలోకి దిగింది. పిల్లలు పొట్టల మీద పడుకుని చూశారు. వాళ్ళ పక్కనే నేను కూడా పడుకున్నాను. పంతొమ్మిదేళ్ళుగా నేను చెప్తున్న పాఠం ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు, సిగ్గేసింది. సిగ్గుకన్నా సంతోషమే ఎక్కువ వేసిందనుకోండి.

ఎనభై ఎనిమిదో రోజు, శుక్రవారం, ప్రిన్సిపాల్ తోటలోకి వచ్చాడు. బుధవారం ఏదో సంస్థవాళ్ళు తోట చూడటానికి వస్తున్నారట, నచ్చితే పలక ఇస్తారట. పంట ముదిరే కాలం కాబట్టి ఆకులు పసుపెక్కి, మచ్చలు పడి ఉన్నాయి.

"ఏవీ కాయలు? మూడు నెలల్నుంచి గడ్డి పెంచుతున్నారా?" అన్నాడు.

"కాయలు మట్టిలో ఉంటాయి సార్."

"మట్టిలో ఉంటే వచ్చినవాళ్ళకెలా కనపడతాయి? ఫోటోలో ఏం పడుతుంది?"

ఆయన గది తలుపు మీద డాక్టర్ అని ఉంటుంది. ఏం చదివి ఆ ముక్క సంపాదించాడో నాకు తెలీదు, పల్లీల గురించి మాత్రం కాదు. "ఇంకా మూడు వారాలుంది సార్" అని గొణిగాను. ఊ కొట్టి వెళ్ళిపోయాడు. గండం గడిచిందనుకున్నాను.

ఆదివారం నర్సరీ నుంచి వ్యాను వచ్చింది. గడ్డి కోసే యంత్రంతో నలభై ఒక్క మొక్కల్ని నేలమట్టంగా కోసేశారు. కోసిన చోటే ఎర్రటి కాయలున్న టమాటా మొక్కల్ని నల్ల ప్లాస్టిక్ కుండీలతో సహా వరుసగా పెట్టి, కుండీలు కనపడకుండా చుట్టూ కొత్తమట్టి పోశారు. ట్యాంకు వెనక మూలలోకి యంత్రం దూరలేదు కాబట్టి ఆ ఐదూ బతికాయి.

సోమవారం నేను వెళ్ళేసరికి మట్టత్త చీపురు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. కోసి పడేసిన కుప్పలోంచి ఒక కొమ్మ తీసి నాకు చూపించింది.

"కోసేశారు మేడమ్. కనీసం పీకనన్నా పీకలేదు. పీకుంటే చూసేవాళ్ళుగా, లోపలేముందో!" చీపురు గోడకేసి కొట్టింది. "తిండిని కోసి పారేశారు. గడ్డి అనుకుని! వీళ్ళు బడి నడుపుతున్నారు!"

నా అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ వేడిలోనే ప్రిన్సిపాల్ గదిలోకి దూసుకెళ్ళాను. పది నిమిషాల తర్వాత చేతిలో ఒక కాగితంతో బయటికొచ్చాను. నా వేడి అంతసేపే. ఆ కాగితంలో పిల్లలకి నేర్పాల్సిన మూడు వాక్యాలున్నాయి. 'ఈ టమాటాలు మేమే పెంచాం. రోజూ నీళ్ళు పోశాం. మాకు ప్రకృతి అంటే ఎంతో ఇష్టం.' నేర్పను అంటే తోటే ఉండదు, ఆయా కూడా ఉండదు అన్నాడాయన. ఆమె కోసమే ఒప్పుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నా ఉద్యోగం కోసం కూడా. ఆ రెండో ముక్క అప్పుడు చెప్పుకోలేదు.

మంగళవారం మూడో పీరియడ్‌లో పిల్లల చేత చిలకపలుకుల్లా వల్లె వేయించాను.

"ఇది అబద్ధం కదా మేడమ్? ఎందుకు చెప్పాలి?" అంది ఎందుకమ్మ.

"రేపు ఒక్కరోజే. కూర్చో."

వరండా తుడుస్తున్న మట్టత్త అంతా వింది. మధ్యాహ్నం కుళాయి దగ్గర ఎదురుపడితే నా వైపు చూడకుండానే అంది:

"పీకొద్దురా అని పిల్లలకి నేర్పడానికి నాకు మూడు నెలలు పట్టింది మేడమ్. మీరు ఒక్క పీరియడ్‌లో పీకేశారు."

బుధవారం ముగ్గురు అతిథులొచ్చారు. మట్టత్తని మూడో అంతస్తు కిటికీలు తుడవమని పంపేశారు. పిల్లల్ని ఉతికిన చొక్కాలతో తోట ముందు నిలబెట్టారు. ముందు వరుసలో ఎందుకమ్మ మూడు వాక్యాలూ తడబడకుండా అప్పజెప్పింది. అతిథుల్లో తెల్లజుట్టు పెద్దావిడ ఒకరు ముచ్చటపడి, "ఏదీ తల్లీ, నీ పంట ఒకటి కోసి నాకివ్వు" అన్నారు.

టమాటా ఎలా కోస్తారో ఆ పిల్లకి ఎవరు నేర్పారు? దానికి తెలిసిన కోత ఒక్కటే. వంగి, రెండు చేతులతో మొదలు పట్టుకుని, మొక్కకి మొక్క మొత్తం పీకింది. ప్లాస్టిక్ కుండీతో సహా పైకొచ్చింది. కుండీ లేచిన గుంటలో నంబరు రాసిన ఐస్‌క్రీం పుల్ల ఒకటి మట్టిలో పడి ఉంది. ఇరవై ఏడు.

"అది నాది!" అని వెనక వరుసలోంచి ఒకడు అరిచాడు.

అంతే. వరుసలు చెదిరాయి. పిల్లలంతా టమాటా కుండీల్ని లాగి పక్కన పడేసి, తమ తమ పుల్లలు వెతుక్కుని, కోసేసిన మొదళ్ళ చుట్టూ వేళ్ళతో తవ్వడం మొదలెట్టారు. కాయలు బయటపడ్డాయి. కొన్ని గట్టిపడ్డాయి, చాలావరకు పాలపళ్ళలా తెల్లగా, మెత్తగా ఉన్నాయి. ఒకడు కొరికి, "నీళ్ళే ఉన్నాయి" అని ఏడుపు మొహం పెట్టాడు. ఎందుకమ్మ ఆ పెద్దావిడకి ఒక లేతకాయ అందించి, "ఇంకా పదిహేడు రోజులుంది. అప్పటిదాకా ముట్టుకోకూడదు. కానీ కోసేశారు" అంది.

ఇప్పుడు మా ప్రిన్సిపాల్ నోరు మూతపడుతుందని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. "చూశారా మేడమ్, మా పద్ధతి! పైన టమాటా, కింద వేరుశనగ! ఒకే నేలలో రెండు పంటలు!" అన్నాడు, కళ్ళార్పకుండా. అతిథులు చప్పట్లు కొట్టారు. మట్టి చేతుల పిల్లల్ని ఫోటోలు తీశారు.

"ఇంత బాగా ఎవరు నేర్పారమ్మా?" అని పెద్దావిడ అడిగారు.

"మట్టత్త!" అని నలభై రెండు గొంతులు ఒక్కసారి అరిచాయి.

"మా సైన్స్ టీచరుకి పిల్లలు పెట్టుకున్న ముద్దుపేరు" అంటూ ప్రిన్సిపాల్ నా భుజం మీద చెయ్యేశాడు.

పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ఊపారు. నేను నోరు మెదపలేదు. పైన మూడో అంతస్తులో ఒక కిటికీ తెరిచే ఉంది, అందులో తడిగుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగిపోయి కనపడింది. పిల్లల అరుపులు వీధి చివరికి వినపడ్డాయి. ఆమెకు వినపడలేదని నన్ను నేను ఎంత మభ్యపెట్టుకోగలను?

గురువారం ప్రిన్సిపాల్ నన్ను పిలిచి ఒక లేఖ ముందుకి తోశాడు. ఆయా పిల్లల్ని రెచ్చగొట్టి బడి కొన్న మొక్కల్ని పాడుచేయించిందని, దానికి నేను సాక్షినని అందులో ఉంది. సంతకం పెట్టాలి. ఈసారి పెట్టలేదు. పంట కోయించింది ఎవరో, అబద్ధం నేర్పించింది ఎవరో, దాన్ని పిల్లలకి నేర్పింది ఎవరో దాని కిందే నాలుగు లైన్లు రాసి ఇచ్చాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన చదివి, మడిచి, సొరుగులో పెట్టుకున్నాడు.

"సంవత్సరం మధ్యలో సైన్సుకి మనిషిని ఎక్కణ్ణుంచి తెమ్మంటారు? క్లాసుకి వెళ్ళండి" అన్నాడు.

ఊడ్చడానికి మనిషి మాత్రం ఎప్పుడైనా దొరుకుతుంది. శనివారం సాయంత్రం మట్టత్త దగ్గర తాళాల గుత్తి తీసుకుని పంపేశారు.

ఆ సాయంత్రమే ఆ పదహారు మెట్లూ ఎక్కాను. తలుపు తీసింది కూతురు.

"రండి మేడమ్. మీరున్నారుగా" అంది.

చెంప పగిలినా అంత నొప్పి ఉండేది కాదు. మట్టత్త లోపల మిరపకాయల తొడిమలు తీస్తోంది. నేను లేఖ సంగతి చెప్పబోతే వినిపించుకోలేదు.

"ట్యాంకు వెనక ఐదూ ఉన్నాయా?"

"ఉన్నాయి."

"నీళ్ళు తగ్గించేయండి. చివర్లో తడి ఎక్కువైతే కాయలు లోపలే మొలకెత్తేస్తాయి. పిల్లలకి తెలీదు, పోస్తూనే ఉంటారు." అంతే చెప్పింది. కూర్చోమనలేదు.

నూట పదో రోజు శనివారం. గోడ మీద బొగ్గు తారీకు పిల్లలు నాకన్నా ముందే చూసుకున్నారు. చివరి పీరియడ్ మొదలవగానే బ్యాగులు బెంచీల మీద వదిలేసి తోటలోకి నడిచారు. నేను ఆపలేదు. ట్యాంకు పక్కనే వెనక సందులోకి తెరుచుకునే ఇనుప ఊచల గేటుంది. దానవతల మట్టత్త నిలబడి ఉంది. తారీకు ఆమెకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు కదా.

వాచ్‌మన్ని తాళం తియ్యమన్నాను.

"ఆమెను రానివ్వద్దని ఆర్డర్ మేడమ్. నా చేతుల్లో ఏముంది?" అని తల దించుకున్నాడు.

"అతన్ని ఇరుకున పెట్టకండి" అంది మట్టత్త ఊచల అవతల నుంచే. "ముందు మొదలు చుట్టూ నీళ్ళు చల్లండిరా, మట్టి వదులవుతుంది. ఆఁ, అంత కాదు. ఇప్పుడు మేడమ్‌ని పీకనివ్వండి. ఆవిడెప్పుడూ చూడలేదు."

నేను మొదలు పట్టుకుని లాగాను. మట్టి పెళ్ళలతో సహా మొక్క పైకి వచ్చింది. దులిపితే ఇరవైకి పైగా కాయలు, గట్టిగా, గీతలు తేలి వేలాడుతున్నాయి. పిల్లల కేకలకి రెండో అంతస్తు కిటికీలన్నీ తెరుచుకున్నాయి. మిగతా నాలుగూ వాళ్ళే పీకారు. మనిషికి రెండేసి, కొందరికి మూడేసి వచ్చాయి. ఎందుకమ్మ తన మొక్క కాయలన్నీ తీసుకెళ్ళి ఊచల్లోంచి మట్టత్త చేతిలో పోసింది. ఆమె ఒకటి బొటనవేలితో చిట్లగొట్టి, డొప్ప లోపలివైపు పిల్లలకి కనపడేలా ఊచలకి ఆనించి పట్టుకుంది.

"లోపల నల్లబడింది చూశారా? ఇలా ఉంటే పండినట్టు. తెల్లగా ఉంటే ఇంకా టైముందన్నట్టు. మర్చిపోకండి."

నలభై రెండు మంది పిల్లలు ఊచలకి మొహాలు ఆనించి ఒక పల్లీ డొప్పని చూశారు. బెల్లు కొట్టారు. మట్టత్త మిగతా కాయలు మళ్ళీ ఎందుకమ్మ దోసిట్లో పోసి, "వచ్చేసారి విత్తనానికి దాచండి" అని సందులోకి నడిచి వెళ్ళిపోయింది.

"మట్టత్త లోపలికి ఎందుకు రాకూడదు మేడమ్?" అంది ఎందుకమ్మ.

ఈసారి కూర్చో అనలేదు. "ఆ రోజు నేను నిజం చెప్పాల్సినప్పుడు చెప్పలేదు, అందుకు" అన్నాను.

ఆ పిల్ల దోసిట్లో కాయలు ఒకసారి చూసుకుంది. "మరి ఇప్పుడు చెప్పండి" అంది.

నేను రాసిన నాలుగు లైన్లు ఆయన సొరుగులో ఉన్నాయి, అక్కణ్ణుంచి బయటికి రావు. అందుకే ఇక్కడ చెప్తున్నాను. గోడ మీద ఆ పలక చూసి, ఎంత మంచి టీచరో అని నన్ను పలకరించేవాళ్ళందరికీ చెప్తున్నాను. మట్టత్త నేను కాదు.